చల్లని వైపు

వేడే శక్తి అయితే మే నెలలో ఖిలా వరంగల్‌ను మించిన పవర్ స్టేషన్ లోకంలో ఉండకూడదు. పొద్దున తొమ్మిదింటికే మధ్యకోటలో రాళ్లు కాలడం మొదలవుతుంది. నీడలో 43 డిగ్రీలు దాటినా ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు, గొడుగు తీసుకుని బజారుకు పోతారు. తోరణాల మధ్య నేల మీద పరిచిన చెక్కడపు రాళ్లను చూడ్డానికి వచ్చిన యాత్రికులు వాటి మీద కూర్చోబోయి చటుక్కున లేస్తారు. రాత్రి పదింటికి కూడా కోటగోడ పక్క నుంచి నడిస్తే పగలు మింగిన ఎండను అది మన మొహం మీద కక్కుతూనే ఉంటుంది. ఇంత వేడి ఊరికే వస్తోంది, ఊరికే పోతోంది. ఇందులో చిటికెడు పట్టుకుని ఒక ఎల్‌ఈడీ బల్బో, ఒక గోడ గడియారమో నడిపించుకోలేమా? సోల్డరింగ్ వాసన అంటే ఇష్టం ఉన్న ఎవరికైనా పుట్టే ఆశే ఇది. నాకూ పుట్టింది.

ఆశకు తగ్గ వస్తువు బజార్లో దొరుకుతుంది. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి పెల్టియర్ ప్లేటు కావాలంటే చాలు. 4 సెంటీమీటర్ల చదరం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న తెల్లటి పింగాణీ పలక. ఒక అంచు నుంచి ఎర్ర తీగ, నల్ల తీగ. చల్లటి నీళ్లిచ్చే చిన్న డిస్పెన్సర్లలో, కారులో పెట్టుకునే బుల్లి ఫ్రిజ్‌లలో ఉండేది ఇదే. కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లబడుతుంది, రెండోది వేడెక్కుతుంది. ఈ గుణాన్ని 1834లో గమనించింది పెల్టియర్ అనే ఫ్రెంచాయన; గడియారాల పని మానేసి సైన్సులోకి వచ్చినవాడు. దీన్నే తిరగేసి, ఒక ముఖాన్ని వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచితే తీగల్లో కరెంటు పుడుతుంది. ఆ సంగతి అంతకు 13 ఏళ్ల ముందే, 1821లో బెర్లిన్‌లో థామస్ సీబెక్ కంటబడింది. రెండు వేర్వేరు లోహాలను వలయంగా అతికి ఒక అతుకును వేడి చేస్తే, పక్కన పెట్టిన దిక్సూచి ముల్లు పక్కకు జరిగింది. వేడి నుంచి అయస్కాంతం పుట్టిందని ఆయన వాదించాడు. వలయంలో పారుతున్నది కరెంటని, ముల్లును కదిపింది ఆ కరెంటేనని అసలు సంగతి గుర్తించినవాడు డెన్మార్క్‌కు చెందిన అయిర్‌స్టెడ్.

ఇప్పుడు ఆ పలకను మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండలో పెట్టి మీటరు తగిలించండి. పలక చురుక్కుమంటుంది. మీటరు మాత్రం సున్నా దగ్గరే తచ్చాడుతుంది. పై ముఖం 55 డిగ్రీలు, కింది ముఖమూ దాదాపు అంతే. మనకు ప్రాణం పోయేంత వేడి. పలకకు మాత్రం ఏమీ జరగనట్టే లెక్క.

కారణం దాని కడుపులో ఉంది. రెండు పింగాణీ రేకుల మధ్య బిస్మత్ టెల్యూరైడ్ అనే పదార్థంతో చేసిన చిన్న చిన్న ముక్కలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఒక ముఖం వేడిగా, మరొకటి చల్లగా ఉన్నప్పుడు, వేడి కొసన చురుగ్గా కదిలే విద్యుదావేశాలు చల్లటి కొస వైపు జరిగి అక్కడ పోగవుతాయి. ఆ పోగే వోల్టేజి. ఒక్కో ముక్క ఒక డిగ్రీ తేడాకు ఇచ్చేది 200 మైక్రోవోల్టుల దరిదాపు. మామూలుగా దొరికే పలకలో 127 జతలు, అంటే 254 ముక్కలు వరుస కలుపుతారు. అన్నీ కూడితే డిగ్రీకి సుమారు 50 మిల్లీవోల్టులు. ముఖాల మధ్య 20 డిగ్రీల తేడా ఉంటే ఒక వోల్టు. ఈ లెక్కలో ఎక్కడా ‘ఎంత వేడి’ అన్న ప్రశ్న లేదు. ఉన్నదంతా ‘ఎంత తేడా’ అన్న ప్రశ్నే.

ఈ మాటను మొదట స్పష్టంగా పట్టుకున్నవాడు సాదీ కార్నో. 28 ఏళ్ల ఫ్రెంచి ఇంజనీరు. 1824లో ఆవిరి యంత్రాల గురించి ఒక చిన్న పుస్తకం రాస్తూ, ఎత్తు నుంచి పల్లానికి పడే నీరు చక్రాన్ని తిప్పినట్టే, వేడి చోటు నుంచి చల్లటి చోటుకు జారే వేడి యంత్రాన్ని నడుపుతుందన్నాడు. ఆయన జలపాతాన్ని తలచుకున్నాడు. కాకతీయులు చెరువులు తవ్వించిన నేల మీద బతికే మాకు తూము చాలు. గణపతిదేవుడి కాలం నాటి పాకాల చెరువు ఎంత నిండినా, తూము అవతల నేల చెరువు మట్టానికే ఉంటే ఒక్క మడికీ నీరు పారదు. ఆయకట్టు పండేది చెరువు నిండుదనం ఒక్కదాని వల్ల కాదు, అవతలి పల్లం వల్ల కూడా. మే నెలలో మా ఊరు వేడితో కట్ట తెగేలా నిండిన చెరువే, కాని చుట్టూ ఎక్కడా పల్లం లేదు. రాయి, గాలి, గోడ, నీళ్ల ట్యాంకు అన్నీ ఒకే మట్టానికి చేరి కూర్చుంటాయి.

ఈ సంగతి ఒంటపట్టాక, వేడితో కరెంటు తీసే ప్రతి పరికరంలోనూ నా కళ్లు ముందు మంటను వెతకడం మానేశాయి. చల్లదనం ఎక్కడి నుంచి తెచ్చుకున్నారా అని చూడడం మొదలుపెట్టాను. చాలా కథలు అప్పుడే అర్థమయ్యాయి.

2013లో ఆన్ మకోసిన్‌స్కీ అనే పదిహేనేళ్ల కెనడా అమ్మాయి బ్యాటరీ అక్కర్లేని టార్చి చేసింది. గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే చాలు, అరచేతి వెచ్చదనంతో లైటు వెలుగుతుంది. గూగుల్ సైన్స్ ఫెయిర్‌లో తన వయసు విభాగంలో బహుమతి గెలిచింది. పేపర్లన్నీ అరచేతి వేడిని పొగిడాయి. నిజానికి ఆ టార్చిలో సగం గొప్పతనం కెనడా చలిది. చుట్టూ గాలి 10 డిగ్రీలుంటే వెలుగు ఒక మాదిరి, 5 డిగ్రీలకు దిగితే ఇంకా బాగా. అదే టార్చిని మే నెలలో పడమరకోట దర్వాజా దగ్గర పట్టుకుంటే? చేయి 35, గాలి 43. వేడి గాలిలోంచి చేతిలోకి పారుతుంది. ప్లస్సు మైనస్సవుతుంది. ఎల్‌ఈడీ ఒక వైపు నుంచే కరెంటును రానిస్తుంది కాబట్టి చీకటే. చెయ్యీ గాలీ ఒకే మట్టానికి వచ్చే పూట అయితే ఆ చిన్న తిరకాసు కూడా ఉండదు.

సోవియట్ వాళ్ల కథ ఇంకో రకం. 1950లలో కరెంటు లేని పల్లెల కోసం వాళ్లొక కిరోసిన్ దీపం తయారుచేశారు. కింద వెలుగు ఇస్తుంది, పైన చిమ్నీలోంచి పోయే వేడి రేడియోను మోగిస్తుంది. ఆ దీపం ఫొటో చూస్తే ముందు కనిపించేది వత్తి కాదు. చిమ్నీ చుట్టూ విచ్చుకున్న లోహపు రెక్కలు. బొటనవేలంత మంటకు తలపాగా అంత రెక్కలెందుకంటే, గదిలో గాలికి వేడిని అప్పగించే పని వాటిదే. అంతకు ముందే, రెండో ప్రపంచ యుద్ధంలో, అబ్రాం యోఫ్ఫే ప్రయోగశాల వాళ్లు అడవుల్లో పోరాడే దళాల వైర్‌లెస్ సెట్ల కోసం ఒక గిన్నె చేశారు. గిన్నె అడుగున ఈ ముక్కలు అమర్చి ఉంటాయి. కింద నెగడు, లోపల నీళ్లు. నీళ్లు మరుగుతుంటాయి, వైర్‌లెస్ పనిచేస్తుంటుంది. ఇందులో చల్లని వైపు ఏది? మరుగుతున్న నీళ్లే! కింద మంట ఆ నీటి కన్నా 200 డిగ్రీలకు పైనే ఎక్కువ. దాని పక్కన 100 డిగ్రీల నీరు హాయిగా చల్లగా ఉన్నట్టే లెక్క. నీరు ఉన్నంతసేపు గిన్నె 100 దాటదు కాబట్టి ఆ చల్లదనం నమ్మకమైనది కూడా.

ఈ సరదా మొదలుపెట్టేవాళ్లకు మొదట తట్టేది మాత్రం మంట పెంచడమే. పలక కింద కొవ్వొత్తి పెడతారు, మీటరు లేస్తుంది, ఉత్సాహం వస్తుంది. కాసేపటికి పై ముఖం కూడా కాగుతుంది, మీటరు దిగుతుంది. ఇంకో కొవ్వొత్తి పెడతారు. చవక పలకల లోపలి అతుకులు 138 డిగ్రీల దగ్గర కరిగే సోల్డరుతో వేసినవి. అక్కడితో పలక కథ ముగుస్తుంది. మంట పెంచిన ప్రతిసారీ రెండు ముఖాలూ కలిసి పైకి పోతాయి. తేడా మాత్రం మనం అవతలి ముఖం నుంచి వేడిని ఎంత తొందరగా సాగనంపుతామన్న దాన్ని బట్టి ఉంటుంది.

అమ్మేవాళ్ల పట్టికలు మరో మాయ. ఇంత తేడాకు ఇన్ని వోల్టులు, ఇన్ని ఆంపియర్లు అని రెండు నిలువు వరుసలు ఉంటాయి. రెండింటినీ గుణించి ‘అబ్బో, మూడు వాట్లు’ అని మురిసిపోతాం. ఆ వోల్టేజి తీగలకు ఏమీ తగిలించనప్పటిది. ఆ కరెంటు రెండు తీగలనూ నేరుగా కలిపేసినప్పటిది. రెండూ ఒకేసారి దొరకవు. పలక లోపలి నిరోధానికి సమానమైన భారం తగిలించినప్పుడు దొరికేదే గరిష్ఠం. అది ఆ గుణకారంలో సరిగ్గా నాలుగో వంతు. పట్టిక అబద్ధం చెప్పదు, మన గుణకారమే ఎక్కువ ఆశ పడుతుంది.

ఇక ప్రకృతి పెట్టిన హద్దు ఉండనే ఉంది. మరిగే నీటికీ 30 డిగ్రీల గాలికీ మధ్య ఏ యంత్రమైనా, ఎంత గొప్పదైనా, పారే వేడిలో 19 శాతానికి మించి పనిగా మార్చలేదు. కార్నో గీసిన గీత అది. మన పలక అందులో కొద్ది భాగమే అందుకుంటుంది. కరెంటు బాగా పోనిచ్చే పదార్థం వేడినీ బాగా పోనిస్తుంది. వేడి అడ్డదారిన దాటిపోతే తేడా చచ్చిపోతుంది. కరెంటుకు దారి ఇచ్చి వేడికి అడ్డుపడే పదార్థం కోసం వెతుకులాట ఇంకా సాగుతూనే ఉంది. బిస్మత్ టెల్యూరైడ్ సత్తాను 1954లో ఇంగ్లండులో గోల్డ్‌స్మిడ్ బయటపెట్టాడు. గది వేడిమి దగ్గర నేటికీ రాజ్యం దానిదే. బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో కనిష్క బిశ్వాస్ బృందం ఇంకా మెరుగైనవాటి కోసం పనిచేస్తోంది. అంగారకుడి మీద 2012లో దిగిన క్యూరియాసిటీ బండిలో ప్లుటోనియం మొదట్లో ఇచ్చిన వేడి దాదాపు 2000 వాట్లు, చేతికొచ్చిన కరెంటు 110 వాట్లు. నాసా వాళ్లకే అంత. గుజరాతీ గల్లీ పలక దగ్గర మనం పెంకితనం చేయడం న్యాయం కాదు.

మరి మా ఊళ్లో పల్లం ఎక్కడుంది? కోటలో వెతికితే కొన్ని చోట్ల ఉంది. శృంగారపు బావి మెట్లు దిగుతుంటే ఒక్కో మెట్టుకూ గాలి మారుతుంది. నేల లోపల ఉష్ణోగ్రత ఏడాది పొడుగునా సగటు దగ్గరే నిలుస్తుంది, మే నెల కబురు అక్కడిదాకా చేరదు. ఖుష్‌మహల్ మందపు గోడల వెనక కూడా మిట్టమధ్యాహ్నం కొంత ఊరట ఉంటుంది. కాని అవి పురావస్తు శాఖ కాపాడుతున్న కట్టడాలు. అక్కడ మనం నిలబడి సేదతీరవచ్చు గాని, తీగలు లాగకూడదు. ఇంట్లోనే వెతకాలి.

వెతికితే వరండా మూలన ఇసుక మీద కూర్చుని ఉంది, మంచినీళ్ల మట్టి కుండ. రంజన్.

ఫ్రిజ్ చల్లదనం అప్పు తెచ్చుకున్నది. దానికోసం కాల్చిన కరెంటు, పలక ఇచ్చేదానికన్నా ఎన్నో రెట్లెక్కువ. రంజన్ చల్లదనం సొంతం. మట్టి గోడలోంచి చెమ్మ బయటికి వచ్చి ఆరుతుంది. ఆరే ప్రతి గ్రాము నీరూ సుమారు 2400 జౌళ్ల వేడిని తీసుకుపోతుంది. బయట గాలి 43లో ఉంటే లోపల నీరు 28, 30 మధ్య నిలుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లన. నిప్పు లేదు, ఫ్యాను లేదు, బిల్లు లేదు. 13, 14 డిగ్రీల పల్లం. కాకతీయుల ముందు నుంచీ ప్రతి ఇంటి వసారాలో ఉన్నదే.

ఒక అల్యూమినియం పట్టీని వంచి, ఒక కొసను రంజన్ నీళ్లలో లోతుగా ముంచాను. రెండో కొస మీద పలక చల్లటి ముఖాన్ని ఆనించాను, మధ్యలో పల్చగా థర్మల్ పేస్టు. బయటి ముఖానికి పాత కంప్యూటర్ ప్రాసెసర్ మీద నుంచి తీసిన లోహపు రెక్కల హీట్ సింక్, గాలి వైపు తిప్పి. ఇక్కడ సాంకేతిక రహస్యమంతా కట్టు కట్టడంలోనే ఉంది. ఇనుప స్క్రూలతో బిగిస్తే వేడి స్క్రూల గుండా అడ్డదారిన దాటుతుంది. అందుకే నైలాన్ దారం. పలక అంచుల చుట్టూ థర్మోకోల్. ఇంత చేసినా 14 డిగ్రీల్లో పలకకు దక్కేది మూడే. మిగతాదంతా గాలి నుంచి హీట్ సింక్‌లోకి ఎక్కేటప్పుడు, పట్టీ పొడుగునా నీళ్లలోకి దిగేటప్పుడు ఖర్చయిపోతుంది. మూడు డిగ్రీలంటే 150 మిల్లీవోల్టులు. గడియారం అడిగేది ఒకటిన్నర వోల్టు.

దానికీ ఒక చిప్ ఉంది. ఎల్‌టీసీ 3108. నూటికి ఒకటి పాళ్లలో చుట్టిన బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ తోడిస్తే 20 మిల్లీవోల్టుల నుంచే మేలుకుని పనిచేస్తుంది. దాని ఒక కాలి నుంచి నిలకడగా 2.2 వోల్టులు వస్తాయి. దారిలో ఒక డయోడు పెడితే అర వోల్టు పైచిలుకు అది తినేస్తుంది. మిగిలింది గడియారానికి సరిపోతుంది. సెకనుకోసారి ముల్లు కొట్టుకునే క్షణానికి కాస్త ఎక్కువ కరెంటు కావాలి, అందుకొక కెపాసిటర్. పలక నుంచి వచ్చేది 3 మిల్లీవాట్ల లోపు. చిప్ తన కూలి తీసుకోగా మిగిలేది ఒక మిల్లీవాటు. క్వార్ట్జ్ గడియారానికి అందులో సగం కూడా అక్కర్లేదు.

ముల్లు కదిలినప్పుడు నేను వరండాలో ఒక్కణ్నే ఉన్నాననుకున్నాను. వెనక నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

“ఏందిది? రంజన్‌కు సెలైన్ ఎక్కించిన్రా?”

“రంజనే గడియారానికి ఎక్కిస్తోంది,” అన్నాను.

ఆమె ముల్లును కాసేపు చూసింది. “మంచిగనే ఉన్నది. నీళ్లు ముంచుకునేటందుకు జాగ ఉంచిన్రు, సంతోషం,” అని చెంబు ముంచుకుని పోయింది.

మా వాడకట్టులో వైరింగ్ పనులు చేసే తమ్ముడు వచ్చి చూసి అందరూ అడిగేదే అడిగాడు. “సార్, ఫ్యాను తిరుగుతదా?” మన ఇళ్లల్లో శక్తికి కొలత ఫ్యానే. మామూలు సీలింగ్ ఫ్యానుకు 75 వాట్లు. నా రంజన్లు 75,000 వరసగా పెడితే తిరుగుతుందని లెక్క చెప్పాను. అతను కోటగోడ వైపు చూస్తూ, “పెడదాం సార్, మట్టికోట చుట్టూత జాగ ఉన్నది,” అన్నాడు. సోలార్ ప్యానెల్ అయితే అరచేతంత ముక్క కూడా దీనికి వందల రెట్లిస్తుందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. కరెంటు కోసమే అయితే ఈ పని ఎవరూ చేయకూడదు.

మరెందుకు? జవాబు చెల్పూరులో ఉంది. ఇక్కడికి ఎక్కువ దూరం కాదు, భూపాలపల్లి జిల్లా. కాకతీయుల పేరే పెట్టుకున్న థర్మల్ పవర్ స్టేషన్. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి, 600 మెగావాట్లది ఒకటి. సింగరేణి బొగ్గు మండుతుంది, ఆవిరి టర్బైన్లను తిప్పుతుంది. అక్కడికెళ్లినవాళ్లు పొగగొట్టాన్ని చూస్తారు, బొగ్గు గుట్టలను చూస్తారు. నాకిప్పుడు కనబడేది కూలింగ్ టవర్లే. ఇలాంటి స్టేషన్లలో బొగ్గు వేడిలో మూడో వంతు, మహా అయితే కాస్త పైన, కరెంటవుతుంది. మిగతాదాంట్లో పెద్ద వాటా ఆ టవర్లలో నీటిని ఆవిరి చేస్తూ ఆకాశంలోకి పోతుంది. అది దుబారా కాదు. అటు పోతేనే ఇటు టర్బైన్ తిరుగుతుంది. చెమ్మ ఆరిపోతూ వేడిని మోసుకుపోవడం: టవరుదీ రంజన్‌దీ ఒకటే వృత్తి. మన ఇళ్లలో స్విచ్ వేసిన ప్రతిసారీ ఎక్కడో నీరు ఆవిరవుతోందన్న సంగతి నాకు పుస్తకం వల్ల తెలుసు, రంజన్ వల్ల అర్థమైంది.

చిన్నదనానికి వేరే ఘనత కూడా ఉంది. మనం హైస్కూల్లో వల్లించిన ఓమ్ నియమం పుట్టింది ఇలాంటి బలహీనమైన కరెంటుతోనే. జార్జ్ ఓమ్ మొదట రసాయన బ్యాటరీలతో కొలతలు తీశాడు. అవి నిమిషనిమిషానికి నీరసించి లెక్కలు చెడగొట్టాయి. 1826లో ఆయన బిస్మత్, రాగి అతుకులకు మారాడు. ఒక అతుకు మరిగే నీటిలో, రెండోది మంచులో. నీరు మరిగేచోట మరుగుతుంది, మంచు కరిగేచోట కరుగుతుంది. తేడా కదలదు, కరెంటూ కదలదు. ఆయనకు కావలసింది బలం కాదు, నిలకడ. 1977లో బయలుదేరిన వాయేజర్ నౌకలు రెండూ ఈ రోజుకీ కబుర్లు పంపగలుగుతున్నాయంటే అదే నిలకడ. లోపల ప్లుటోనియం వెచ్చదనం, బయట అంతులేని చలి, మధ్యలో కదిలే భాగం ఒక్కటీ లేని జనరేటరు.

నా గడియారానికి అంత ఆయుష్షు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు అది దివ్యంగా నడుస్తుంది. ఊరంతా సొమ్మసిల్లే వేళ మా ఇంట్లో హుషారుగా ఉండేది అదొక్కటే. మృగశిర వచ్చి గాలిలో తేమ చేరగానే రంజన్ చెమ్మ ఆరడం తగ్గుతుంది, బయటా లోపలా ఒకటవుతాయి, ముల్లు మెల్లగా ఆగిపోతుంది. మామూలు గడియారమైతే పాడైందనుకుంటాం. ఇది ఆగితే వాన దగ్గర పడిందనుకోవచ్చు.

అదే వానాకాలం మరో తేడాను వెంటబెట్టుకొస్తుంది. ముసురు పట్టిన సాయంత్రాలు భద్రకాళి చెరువు కట్ట దగ్గర బొగ్గుల మీద మక్క కంకులు కాలుస్తుంటారు. ఒక చేత కంకి తిప్పుతూ, మరో చేత అట్టముక్కతో విసురుతూ ఉన్న ఒక అవ్వను అడిగాను, బ్యాటరీ ఫ్యాను పెట్టుకోరాదా అని.

“పెట్టిన బిడ్డా. నడిమిట్ల చార్జింగు అయిపోతది. నిప్పున్నంతసేపు చెయ్యి ఉంటది గద,” అంది.

నిప్పున్నంతసేపు ఉండే ఫ్యాను. పలకకు ఇంతకన్నా తగిన కొలువు లేదు. బయోలైట్ అనే అమెరికా కంపెనీ 2012 నుంచి అడవుల్లో తిరిగేవాళ్ల కోసం ఇలాంటి పొయ్యి అమ్ముతోంది. మంట వేడితోనే లోపలి ఫ్యాను తిరుగుతుంది, మిగిలితే ఫోన్ చార్జవుతుంది. అవ్వ బండికి అంత హంగు అక్కర్లేదు. పొయ్యి రేకుకు ఆనించిన పలక, దాని వెనక రెక్కలు, వాటి వెనక అర వాటు బుల్లి ఫ్యాను. వేడి, చల్లని ముఖాల మధ్య 50 డిగ్రీలు నిలబెట్టగలిగితే ఏమీ తగిలించనప్పుడు రెండున్నర వోల్టులు, సరైన భారం తగిలిస్తే అర వాటు దక్కుతాయి. ఫ్యాను గాలి ముందు రెక్కలను చల్లబరిచి, వాటి వేడిని మోసుకుని, అప్పుడు బొగ్గుల్లోకి పోవాలి. అలా చేస్తే చల్లని వైపు వదిలించుకున్న వేడి కూడా మళ్లీ నిప్పుకే చేరుతుంది. నిప్పు రాజుకుంటే ఫ్యాను జోరు, నిప్పు తగ్గితే ఫ్యాను నెమ్మది. స్విచ్చుతో పనే లేదు. కాగితం మీద ఈ బొమ్మ గీయడం అయింది, రేకు కోయించడం మిగిలింది.

గీస్తున్నప్పుడే ఇంకో లెక్క కూడా మనసులో మెదిలింది. ఊరికి కూడా ఒక చల్లని వైపు ఉంటుంది. చెరువు, చెట్టు, బావి, తడి నేల. పగలంతా పోగైన వేడిని రాత్రికి ఆవిరిగా సాగనంపేవి అవే. వాటిని పూడ్చి, నరికి, సిమెంటు పోసి, తర్వాత ప్రతి గదికీ ఏసీ బిగించుకుంటున్నాం. ఏసీ వేడిని మాయం చేయదు. గదిలోంచి తీసి, తాను కాల్చిన కరెంటు వేడిని కూడా దానికి కలిపి, వీధిలో పోస్తుంది. వీధి మట్టం ఇంకాస్త లేస్తుంది. అప్పుడు పక్కింటివాళ్లు ఇంకాస్త పెద్ద ఏసీ కొంటారు. మంట పెంచుకుంటూ పోయి పలక అతుకులు కరిగించుకునే కుర్రవాడికీ మనకూ పెద్ద తేడా కనిపించడం లేదు.

ఈ సరదా మొదలుపెడదామనుకునేవాళ్లకు చెప్పేది ఒక్కటే. పలక కొనకముందే హీట్ సింక్ కొనండి. అది కూడా మీ అంచనాకు రెట్టింపుది. చేతిలో ఉన్న డబ్బులో ముప్పావు వంతు చల్లని వైపుకే పెట్టండి. మంట గురించి దిగులు వద్దు. అగ్గిపెట్టె చవకగా దొరుకుతుంది, ఎండ అయితే ఖిలా వరంగల్‌లో ఉచితం. వేడి ఎటు పోవాలో ముందే దారి వేసి పెట్టుకున్నవాళ్ల గడియారమే నడుస్తుంది.